తడి ఆరని నవలలు

హంతకుడు దొరికిపోయాడు. సంకెళ్లు పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ వాన వెలిసిన వీధిలో ఒంటరిగా నడిచి వెళ్లిపోతోంది. తెర అడుగున మాత్రం 86 శాతం అని ఉంది. ఇంకా పద్నాలుగు శాతం! మూడు వందల పేజీల నవలలో పద్నాలుగు శాతమంటే నలభై పేజీల పైమాటే. అంటే అసలు హంతకుడు వేరే ఉన్నాడన్నమాట, మొదట్నించీ తీయగా మాట్లాడుతున్న ఆ పక్కింటి డాక్టరే అయ్యుంటాడు, అనుకుంటూ గుండె చిక్కబట్టుకుని పేజీ తిప్పితే, "ఈ కథ మీకు నచ్చిందా?" అంటూ రచయిత్రి రాసిన ఉత్తరం. దాని వెనక సిరీస్‌లో రెండో నవల తాలూకు మొదటి మూడు అధ్యాయాలు. మిగిలిన పద్నాలుగు శాతం అదీ.

ప్రచురణ సంస్థ లేకుండా రచయితలే సొంతంగా తెచ్చే ఇండీ థ్రిల్లర్లు ఈబుక్‌గా చదివిన ప్రతి ఒక్కరికీ తగిలిన దెబ్బ ఇది. కాగితం పుస్తకంలో కుడిచేతి బొటనవేలి కింద మిగిలిన మందం అబద్ధం చెప్పదు, ఈబుక్‌లో శాతం చెబుతుంది. రెండు మూడుసార్లు మోసపోయాక పాఠకులు ఓ ఉపాయం కనిపెట్టారు. చదవడం మొదలుపెట్టే ముందు విషయసూచికలోకి వెళ్లి, చివరి అధ్యాయం తర్వాత వచ్చే ఉత్తరం ఎన్నో శాతం దగ్గర ఉందో చూసుకుని వెనక్కి వచ్చేయడం. ఇందులోనూ ఒక చిక్కుంది. చివరిదాకా వెళ్లామని మిషను గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఫోన్‌లో అదే పుస్తకం తెరిస్తే "మీరు చదివిన ఆఖరి చోటుకి వెళ్తారా?" అని అడుగుతుంది. నిద్రమత్తులో సరే అన్నామా, నేరుగా హంతకుడి ముందే దిగుతాం. అందుకని తెలిసినవాళ్లు వైర్‌లెస్ ఆపుకుని మరీ ఈ పని చేసేవాళ్లు.

ఆ పుస్తకాల లోకం అలా ఉండేది. పుస్తకం అంటే పూర్తయిపోయిన వస్తువు అన్న నమ్మకం అక్కడ చెల్లలేదు. రచయిత చెయ్యి ఇంకా దానిమీదే ఉండేది, సిరా తడి ఆరకముందే మన దగ్గరికి వచ్చేసేది. పెద్ద సంస్థల పుస్తకాల్లో దొరకని ఆనందమూ, తలనొప్పీ రెండూ ఆ తడిలోనే ఉన్నాయి.

అమెజాన్ వారి ఈబుక్ రీడర్, మొదటి కిండిల్, 2007 నవంబరు 19న అమ్మకానికి వచ్చింది. ధర 399 డాలర్లు. అయిదున్నర గంటల్లో సరుకంతా అయిపోయింది. ఆ సందడిలో ఎక్కువమంది గమనించని సంగతి ఇంకొకటుంది. రచయితలు తమ ఫైలు తామే ఎక్కించుకునే డిజిటల్ టెక్స్ట్ ప్లాట్‌ఫామ్‌ను అమెజాన్ దాంతోపాటే తెరిచింది. ఇప్పుడు కేడీపీ (కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్) అంటున్నది దాన్నే. మరుసటి ఏడు మార్క్ కోకర్ అలాంటిదే ఇంకో సైటు, స్మాష్‌వర్డ్స్ మొదలుపెట్టాడు. అయినా వరద వచ్చింది మాత్రం 2010 జూన్ 30 తర్వాతే. ఆ రోజు నుంచి 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెట్టిన పుస్తకం మీద రచయితకు 70 శాతం వాటా వచ్చింది. ఆ హద్దులు దాటితే పాత 35 శాతమే.

ఆ ఒక్క గీత ఇండీ నవలల స్వరూపాన్నే మార్చేసింది. 99 సెంట్లకు అమ్మితే రచయిత చేతికి 35 సెంట్లు. 2.99కి అమ్మితే రెండు డాలర్లకు కాస్త పైన. అంటే 2.99 పుస్తకం ఒకటి అమ్మిన రాబడి రావాలంటే చవక పుస్తకాలు ఆరు అమ్మాలి. అందుకే సిరీస్‌లో మొదటి నవల 99 సెంట్లు, రెండోది మొదలు అన్నీ 2.99 లేదా 3.99. మొదటిది ఎర, మిగతావి బతుకు. ఆ రోజుల్లో లిస్టు చూడగానే ధరల్ని బట్టి ఏది సిరీస్‌లో ఎన్నోదో చెప్పేయగలిగేవాళ్లం. ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. 70 శాతం పద్ధతిలో ఫైలు సైజును బట్టి మెగాబైటుకు 15 సెంట్ల చొప్పున డెలివరీ ఖర్చు కోసేవారు. ఇండీ నవలల్లో అధ్యాయం మొదట్లో పెట్టే బొమ్మలు, ఊరి మ్యాపులు అంత చిన్నగా, మసకగా ఉండడం వెనక బద్ధకం లేదు, ఆ కోత ఉంది.

2010 ఏప్రిల్లో తన పారానార్మల్ రొమాన్సులు తనే ఎక్కించడం మొదలుపెట్టిన అమాండా హాకింగ్, 2011 మార్చి నాటికి పది లక్షల కాపీలు దాటింది. అదే నెలలో ఓ పెద్ద ప్రచురణ సంస్థ ఇరవై లక్షల డాలర్లకు పైగా ఇచ్చి ఆమె తర్వాతి సిరీస్‌ను కొనుక్కుంది. ఆ వార్త తర్వాత ఎన్ని సొరుగుల్లోంచి ఎన్ని రాతప్రతులు బయటికి వచ్చాయో! వాటిలో మంచివి ఉన్నాయి, సొరుగులోనే ఉండాల్సినవీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకునే పని పాఠకుల మీద పడింది. పెద్ద సంస్థలో ఒక ఎడిటర్ చేసే పని అది. ఆ పని చేయడం నేర్చుకోవడమే ఆ కాలపు అసలు రుచి అని నా అభిప్రాయం.

ముందు కవర్. తపాలా బిళ్లంత బొమ్మ. కేడీపీ అడిగే కొలత 2,560 పిక్సెళ్ల ఎత్తు, 1,600 పిక్సెళ్ల వెడల్పు, కానీ చూసేది బొటనవేలి గోరంత. ఆ గోరంతలో రచయిత రెండు సంగతులు చెప్పాలి: ఇది ఏ రకం కథ, ఎంత శ్రద్ధగా చేశాం. వీపు చూపిస్తూ పరిగెత్తే మనిషి, పొగమంచు, లావుపాటి నిలువు అక్షరాలు ఉంటే థ్రిల్లర్. ముఖాలు దగ్గర చేసుకున్న జంట, చేతిరాతలాంటి వంపు అక్షరాలు ఉంటే రొమాన్స్. స్టాక్ ఫోటోలను ఎవరైనా కొనుక్కోవచ్చు కాబట్టి ఒకే గడ్డం అబ్బాయి ఒక కవర్ మీద అగ్నిమాపక దళంలో, ఇంకో కవర్ మీద కోటీశ్వరుడిగా, మూడో దానిమీద తోడేలు మనిషిగా కనబడేవాడు. పాఠకులకు అతను చుట్టంలా అలవాటైపోయాడు. నల్లటి కవర్ మీద ఎర్రటి అక్షరాలు వేసిన థ్రిల్లర్ల సంగతి మరీ బాధ. కంప్యూటర్ తెర మీద రక్తంలా మెరిసే పేరు, ఈ-ఇంక్ తెర మీదికి వచ్చేసరికి మాయం. ఎరుపూ నలుపూ రెండూ అక్కడ ముదురు బూడిద రంగే. కవర్‌ను నలుపు తెలుపుల్లోకి మార్చి ఒకసారి చూసుకున్న రచయిత ఎవరో, చూసుకోని రచయిత ఎవరో అక్కడే తెలిసిపోయేది.

తర్వాత శాంపిల్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇండీ పాఠకుల అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. పుస్తకంలో మొదటి పది శాతం ఉచితంగా చదవనిచ్చేవారు. ఎనభై వేల మాటల నవలైతే ఎనిమిది వేల మాటలు, అంటే మూడు నాలుగు అధ్యాయాలు. అది ఫైలులో పది శాతం, కథలో పది శాతం కాదు. కాపీరైటు పేజీ, అంకితం, కృతజ్ఞతలు, ఇతర రచనల జాబితా అన్నీ ముందే పెట్టేసిన పుస్తకంలో శాంపిల్ సగం వాటికే సరిపోయేది. ఆ కిటుకు తెలిసిన రచయితలు వాటన్నిటినీ వెనక్కి నెట్టి, శీర్షిక తర్వాత నేరుగా కథలోకి దించేవాళ్లు. శాంపిల్ తెరవగానే మొదటి అధ్యాయం ఎదురైందంటే, ఈ మనిషి తన పాఠకుల గురించి ఆలోచించాడు అని సగం నమ్మకం అప్పుడే కుదిరేది.

ఆ ఎనిమిది వేల మాటల్లో ఏం చూడాలి? రొమాన్స్ అయితే, శాంపిల్ ముగిసేలోగా ఇద్దరూ ఎదురుపడాలి. పది శాతం దాటినా హీరో జాడ లేదంటే రచయిత ఇంకా గొంతు సవరించుకుంటున్నట్టే. ఎదురుపడడంతో సరిపోదు, వాళ్లిద్దరూ కలవకుండా అడ్డుపడేది ఏమిటో లీలగానైనా తెలియాలి. ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థమే మొత్తం అడ్డమైతే ఆ పుస్తకం మూడు వందల పేజీలు మోయలేదు. థ్రిల్లర్‌లో ఒక ప్రశ్న తగలాలి. శవం కనబడాలనే నియమం లేదు. తాళం వేసి వెళ్లిన ఇంట్లో దీపం వెలుగుతుంటే చాలు. వాలు అక్షరాల్లో హంతకుడి మనోగతంతో మొదలయ్యే ఉపోద్ఘాతం మాత్రం అప్పట్లో ప్రతి రెండో పుస్తకంలోనూ ఉండేది. అది మంచి గుర్తూ కాదు, చెడ్డ గుర్తూ కాదు. దాని తర్వాత వచ్చే అధ్యాయం చూసి తేల్చుకోవాల్సిందే.

కథానాయిక అద్దం ముందు నిలబడి తన జుట్టు రంగు, కళ్ల రంగు, ముక్కు తీరు తనకే వర్ణించుకుంటే మాత్రం జాగ్రత్త పడేవాళ్లం. పాత్రలు ఇద్దరికీ తెలిసిన విషయాన్నే పూసగుచ్చినట్టు చెప్పుకోవడం ఇంకో గుర్తు. "నీకు తెలుసుగా, మన నాన్న పదేళ్ల కిందట పోయాడు" అని అక్క చెల్లెలితో అందంటే, ఆ మాట చెల్లెలి కోసం కాదు, మన కోసం. ఒకటి రెండు ముద్రణ దోషాలు ఉంటే ఉండనీ అనుకునేవాళ్లం. శాంపిల్‌లోనే పేజీకొకటి ఉంటే మాత్రం వదిలేయడమే. ఎందుకంటే ఎవరైనా ఎక్కువసార్లు దిద్దేది మొదటి అధ్యాయాలనే. అక్కడే అలా ఉంటే ఇరవయ్యో అధ్యాయం గతి ఊహించుకోవచ్చు.

దోషాల్లోనూ రకాలున్నాయి, ఆ తేడా తెలిస్తే రచయిత మీద కోపం సగం తగ్గుతుంది. స్మాష్‌వర్డ్స్ తొలినాళ్లలో వర్డ్ ఫైలు ఇస్తే, మీట్‌గ్రైండర్ అని వాళ్లే పేరు పెట్టుకున్న ఒక ప్రోగ్రాం దాన్ని నానా ఫార్మాట్లలోకి మార్చేది. పేరుకు తగ్గట్టే కైమా కొట్టేది. పేరా మొదట్లో ఖాళీ కోసం స్పేస్ బార్ అయిదుసార్లు కొట్టిన రచయిత పుస్తకంలో పేరాలు మెట్లు మెట్లుగా జారేవి. అధ్యాయం మార్చడానికి ఎంటర్ పదిసార్లు కొట్టిన పుస్తకంలో చిన్న తెర మీద ఖాళీ పేజీలు వచ్చేవి. కథ అయిపోయిందేమో అనుకునేలోగా తర్వాతి పేజీలో హఠాత్తుగా తుపాకీ పేలేది. విరుగుడు తెలిసినవాళ్లు రాసినదంతా నోట్‌ప్యాడ్‌లో అతికించేవాళ్లు. అక్కడ ఫార్మాటింగ్ మొత్తం రాలిపోతుంది. దాన్ని మళ్లీ ఖాళీ వర్డ్ ఫైలులోకి తెచ్చి, ఇటాలిక్స్ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టుకునేవాళ్లు. ఓపికలేనివాళ్ల పుస్తకాల్లో ఇటాలిక్సే ఉండేవి కావు. మనసులో అనుకున్న మాటకీ పైకి అన్న మాటకీ తేడా లేకుండా పోయి, హీరో తన అసలు ఆలోచన ఆమె మొహం మీదే చెప్పేసినట్టు ఉండేది.

అన్నిటికన్నా విచిత్రం అపాస్ట్రఫీ. అది ఉండాల్సిన చోట నెత్తిన టోపీ పెట్టుకున్న ఒక ఇంగ్లిష్ అక్షరం, యూరో గుర్తు, ట్రేడ్‌మార్క్ గుర్తు వరసగా నిలబడేవి. అది రచయిత అజ్ఞానం కాదు. వంపు తిరిగిన అపాస్ట్రఫీని, కంప్యూటర్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా దాస్తారు. ఆ మూడింటినీ పాత విండోస్ పద్ధతిలో విడివిడిగా చదివిన ప్రోగ్రాం మూడు గుర్తులు కక్కుతుంది. ప్రేమ ఒప్పుకునే సన్నివేశంలో మాటమాటకీ యూరో గుర్తు వస్తున్నా కన్నీళ్లు పెట్టించిన నవలలున్నాయి. అక్కడ రాత గొప్పదని వేరే రుజువు అక్కర్లేదు.

రొమాన్స్ పాఠకులకు ఒక ఒప్పందం ఉంది, అది రాతలో ఉండదు కానీ చట్టం కన్నా గట్టిది. చివరికి ఇద్దరూ కలవాలి. శాశ్వతంగా కలిస్తే హెచ్‌ఈఏ (హ్యాపీలీ ఎవర్ ఆఫ్టర్), ప్రస్తుతానికి కలిసి సుఖంగా ఉంటే హెచ్‌ఎఫ్‌ఎన్ (హ్యాపీ ఫర్ నౌ). ఈ రెంటిలో ఏదీ లేకుండా కథ కంచికి పంపించి దానికి రొమాన్స్ అని పేరు పెడితే పాఠకులు క్షమించరు, క్షమించకూడదు కూడా. విషాదాంతం రాయొద్దని కాదు, దాన్ని ప్రేమకథ అనో ఇంకేదో అనో పిలవాలి. ఇండీ రచయితలు ఈ ఒప్పందాన్ని పెద్ద సంస్థలకన్నా నిక్కచ్చిగా పాటించారు. కథను ఉత్కంఠలోనే ఆపేసే క్లిఫ్‌హ్యాంగర్ ఉంటే పుస్తకం పరిచయంలోనే "ఇది జంట నవలల్లో మొదటిది, కథ ఇందులో ముగియదు" అని రాసేవాళ్లు. రాయనివాళ్లకు ఒక్క నక్షత్రం సమీక్షలు వరసగా పడేవి.

ముగింపు ముందే తెలిసిన కథలో ఉత్కంఠ ఎక్కడిది అని అడిగేవాళ్లు రొమాన్స్ చదవనివాళ్లు. ఇక్కడ ప్రశ్న కలుస్తారా అని కాదు, ఇంతగా విరిగిపోయాక ఎలా కలుస్తారు అని. ఆ విరుపు 75, 80 శాతం మధ్య వచ్చేది. తెర అడుగున 72 కనబడగానే, ఇద్దరూ నవ్వుకుంటూ ఉన్నా సరే, చదివేవాళ్ల కడుపులో దిగులు మొదలయ్యేది. ఆ తర్వాత క్షమాపణ ఘట్టం. ఇది ఒక్క పేజీలో తేల్చేసిన నవల ఎంత బాగా మొదలైనా చప్పబడిపోయేది. తప్పు ఎంత పెద్దదో ప్రాధేయపడడం అంత పొడుగు ఉండాలి. పువ్వులు పంపితే చాలదు. మొదట్లో అతను దేన్ని వదులుకోలేనన్నాడో దాన్నే వదులుకోవాలి. ఇండీల్లో మంచి చెయ్యి తిరిగినవాళ్లు ఈ ఒక్క సన్నివేశం కోసం ఇరవై పేజీలు పెట్టేవాళ్లు. పెద్ద సంస్థలో ఎడిటర్ కత్తిరించమనేవాడేమో. కత్తిరించేవాళ్లు లేకపోవడం ఎప్పుడూ నష్టమే కాదు.

నష్టమైన చోట్లూ ఉన్నాయి. ఆ కాలపు రొమాన్సుల్లో అధ్యాయానికొక గొంతు పద్ధతి విపరీతం. ఒక అధ్యాయం ఆమె "నేను", తర్వాతిది అతని "నేను". పైన పేరు చూడకపోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలియని నవలలు కోకొల్లలు. ఆ పేరు తీసేసి ఒక పేరా చదివి, ఇది ఎవరి గొంతో చెప్పగలిగితే అది మంచి రచన. ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు.

థ్రిల్లర్లలో తప్పులు వేరు. అధ్యాయాలు పొట్టివి, వెయ్యి నుంచి పదిహేను వందల మాటలు, ప్రతి దాని చివరా ఒక కొక్కెం. ఇంకొక్కటి చదివి పడుకుందాం అనిపించే పొడవది. ఆ వేగంలో కాలం లెక్క తప్పిపోయేది. మంగళవారం రాత్రి కిడ్నాపైన పిల్ల కోసం మూడు రోజులు వెతికాక వచ్చేది శుక్రవారం కావాలి, పుస్తకంలో గురువారమే ఉండేది. గ్లాక్ పిస్టల్‌కు బొటనవేలితో తిప్పే సేఫ్టీ మీట ఉండదు. "ఆమె గ్లాక్ సేఫ్టీ తీసింది" అన్న వాక్యం కనబడితే చాలు, తుపాకులు తెలిసిన పాఠకులు అక్కడే పుస్తకం మూసేసేవాళ్లు. రచయిత పోలీసు శాఖలోనో ఆసుపత్రిలోనో కోర్టులోనో పనిచేసిన మనిషైతే ఆ తేడా మొదటి పోస్టుమార్టం దగ్గరే తెలిసేది. పెద్ద మాటలుండవు, కాగితాలెక్కువ, ఎదురుచూపులెక్కువ. అలాంటి ఉద్యోగాల నుంచి దిగినవాళ్లు రాసిన ఇండీ థ్రిల్లర్లకు సాటి లేదు.

ఇక ఆ తడి సంగతి. మూడో పుస్తకంలో డిటెక్టివ్ కళ్లు ఆకుపచ్చగా ఉంటాయి, మొదటి పుస్తకంలో గోధుమ రంగు. వెనక ఉత్తరంలో రచయిత ఈమెయిలు ఉండేది. పాఠకులు రాసేవాళ్లు. రెండు రోజుల్లో జవాబు వచ్చేది, వారంలో ఫైలు మారేది. కొన్న పుస్తకం మన చేతిలోనే దిద్దుబాటు అయ్యేది. మాట మీద వేలు నొక్కిపట్టి తప్పు ఫలానా అని నేరుగా స్టోరుకి చెప్పే సౌకర్యం కూడా కిండిల్లో ఉండేది కానీ, రచయితకే రాయడం మర్యాద అనుకునేవాళ్లు ఎక్కువ. కొత్త ఫైలు తెచ్చుకునే ముందు ఒక జాగ్రత్త: గీతలు గీసుకున్న వాక్యాలు, రాసుకున్న నోట్సు సర్వర్‌లో భద్రపడేలా సెట్టింగు పెట్టుకోకపోతే, తప్పులతో పాటు అవీ పోయేవి.

అలా రాసిన పాఠకుల్లో కొందరికి తర్వాతి నవల విడుదలకు రెండు మూడు వారాల ముందే చేరేది. అడ్వాన్స్ రీడర్ కాపీ, పొట్టిగా ఏఆర్‌సీ. పని రెండు రకాలు: దొరికిన తప్పులు పంపడం, విడుదల రోజున నిజాయితీగా సమీక్ష రాయడం, అందులో ఉచిత కాపీ అందుకున్నామని చెప్పడం. తప్పులు పంపడానికి పేజీ సంఖ్య పనికిరాదు. అక్షరాల సైజు మారిస్తే పేజీలు మారిపోతాయి. తప్పున్న వాక్యంలోంచి వరసగా ఆరేడు మాటలు యథాతథంగా పంపితే రచయిత వెతుక్కోగలడు. ఫైలు ఈమెయిల్లో మోబీ, ఈపబ్ అనే రెండు ఈబుక్ ఫార్మాట్లలోనూ జతచేసి వచ్చేది. కేబుల్ పెట్టి డాక్యుమెంట్స్ ఫోల్డర్లో వేసుకోవాలి, లేదా కిండిల్‌కున్న ఈమెయిలుకు పంపుకోవాలి. పంపినా రాలేదంటే పదింట తొమ్మిదిసార్లు కారణం ఒకటే, పంపిన అడ్రసును అనుమతించినవాళ్ల జాబితాలో చేర్చకపోవడం. 2015లో ఫైళ్లు పాఠకులకు చేర్చిపెట్టే బుక్‌ఫనల్ వచ్చి ఈ తంతు తేలిక చేసేదాకా రొమాన్స్ రచయితలు సగం రోజు పాఠకుల ఫోన్లు బాగుచేసే పనిలోనే ఉండేవాళ్లు.

సమీక్షల్లో మకిలి కూడా ఉంది. డబ్బులిచ్చి పొగడ్తలు రాయించుకునే వ్యాపారం 2012లో బయటపడింది. దాని తర్వాత అయిదు నక్షత్రాలను నమ్మడం మానేసి మూడు నక్షత్రాల సమీక్షలు చదవడం అలవాటైంది. బాగున్నదీ బాగాలేనిదీ రెండూ చెప్పే ఓపిక ఉండేది వాళ్లకే. 2016 అక్టోబరులో ఉచిత వస్తువులకు బదులు సమీక్షలు రాయించుకోవడాన్ని అమెజాన్ నిషేధించినా, పుస్తకాల ముందస్తు కాపీలను మాత్రం మినహాయించింది.

డబ్బు లెక్క మారినప్పుడల్లా కథల ఆకారం మారడం దగ్గర్నుంచి చూశాం. 2011 డిసెంబరులో కేడీపీ సెలెక్ట్ వచ్చింది. తొంభై రోజులు ఈబుక్‌ను ఇంకెక్కడా అమ్మనని మాటిస్తే అయిదు రోజులు ఉచితంగా పంచుకోవచ్చు. పాఠకుల దగ్గర చదవని పుస్తకాలు వందల్లో పేరుకుపోవడం అప్పట్నుంచే. ఎప్పటికీ ఉచితంగా ఉంచాలంటే దారి వేరు. అమెజాన్లో ధర సున్నా పెట్టనివ్వరు, కాబట్టి మిగతా స్టోర్లన్నిటిలో ఉచితం చేసి, అది చూసి అమెజాన్ తనంతట తాను ధర తగ్గించేదాకా కాచుకునేవాళ్లు.

2014 జులైలో నెలకింత కట్టి ఎన్నైనా చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్ వచ్చింది. మొదట్లో పాఠకులు పది శాతం చదివితే చాలు, రచయితకు ఒక పుస్తకం లెక్క పడేది. ఇంకేముంది, నవలలు ముక్కలయ్యాయి. ముప్పై పేజీల భాగాలు, ప్రతి భాగం చివరా పీకల మీదకి కత్తి. నాలుగు పేజీలు తిప్పితే పది శాతం దాటుతుంది మరి. 2015 జులై 1 నుంచి చదివిన పేజీకింత అన్నారు. పేజీకి అర సెంటు అటూ ఇటూగా. రాత్రికి రాత్రి ముక్కలన్నీ మళ్లీ అతుక్కుని లావెక్కాయి. కొందరు దొంగలు పుస్తకం వెనక పాత నవలలు నాలుగైదు కుక్కి, మొదటి పేజీలో "బహుమతి కోసం ఇక్కడ నొక్కండి" అని లింకు పెట్టేవారు. నొక్కితే చివరికి దూకుతాం, మధ్యలో పేజీలన్నీ చదివినట్టు లెక్క. అందరికీ పంచే నిధి ఒకటే కాబట్టి ఆ సొమ్ము నిజాయితీగా మూడు వందల పేజీలు రాసినవాళ్ల నుంచి పోయేది. ఒక పాఠకుడి నుంచి ఒక పుస్తకానికి మూడు వేల పేజీలకు మించి లెక్కపెట్టరాదని హద్దు పెట్టారు. 2018లో అదనపు సరుకు పది శాతం దాటకూడదన్నారు. అదే ఏడాది ఒక రచయిత్రి రొమాన్స్ శీర్షికల్లో అందరూ వాడే ఓ మామూలు మాటను ట్రేడ్‌మార్క్ చేయించుకుంటే తోటి రచయితలంతా ఏకమై ఎదురుతిరిగారు, చివరికి ఆమె దాన్ని వదులుకుంది. ఆ కొద్ది నెలల్లో పాఠకులు చూపించిన పట్టుదల ఇప్పటికీ గుర్తు చేసుకోదగ్గది. పుస్తకాలు వాళ్ల సొంత మనుషులవి అన్నట్టు నిలబడ్డారు.

అప్పటి పుస్తకాలు ఇప్పుడు వెతికితే చాలా దొరకవు. కలం పేరు మార్చుకున్నవాళ్లు పాతవి తీసేశారు. పెద్ద సంస్థలు కొనుక్కున్నవి కొత్త కవర్, కొత్త పేరు, కత్తిరించిన అధ్యాయాలతో వచ్చాయి. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలూ పోయింది. కాపీ చేసుకోకుండా వేసే తాళం లేని ఈపబ్‌లు ఇచ్చిన స్మాష్‌వర్డ్స్ కొనుగోళ్లు, రచయితలు ఈమెయిల్లో పంపిన ఫైళ్లు మాత్రం దాచుకున్నవాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. కోవిద్ గోయల్ తయారుచేసిన ఈబుక్‌ల ప్రోగ్రాం కాలిబర్ ఉంటే వాటిని సర్దుకోవడం తేలికే. చేర్చగానే సిరీస్ పేరు, సంఖ్య నింపుకోవాలి. మొదటికీ రెండోదానికీ మధ్య వచ్చిన చిన్న నవలకు 1.5 ఇవ్వొచ్చు. కథ కాలం ప్రకారం అన్నిటికన్నా ముందు జరిగే పూర్వకథకు 0.5. కానీ దాన్ని ముందు చదవకూడదు. అది మొదటి నవల చదివినవాళ్ల కోసం రాసింది, ముందే చదివితే హంతకుడి పేరు అందులోనే తెలిసిపోతుంది. పాత మోబీ ఫైళ్లను పారేయక్కర్లేదు. ఈమెయిలు దారిలో ఇప్పుడు తీసుకోకపోయినా కేబుల్‌తో వేస్తే కిండిల్ చదువుతుంది, లేదా కాలిబర్లోనే ఈపబ్‌గా మార్చుకోవచ్చు.

ఒకే నవలకు రెండు ఫైళ్లుంటే రెండోది డూప్లికేట్ అని కాలిబర్ హెచ్చరిస్తుంది. సరేలే అని వదిలేయకుండా రెండూ ఉంచుకోవాలి, పాతదాని పేరు పక్కన విడుదలైన నెల రాసుకుని. కొత్త ఫైలులో అన్నీ సరిగ్గా ఉంటాయి, వారాలు, తుపాకులు, అపాస్ట్రఫీలతో సహా. పాతదాంట్లో ఆరో అధ్యాయం తెరిస్తే వాన ఇంకా పడుతూనే ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ తలెత్తి చూస్తుంది, ఆ కళ్లు ఇంకా గోధుమ రంగులోనే ఉంటాయి.